గుడియాత్తం వెళ్లి కుట్టు పరీక్ష తప్పిన వైనం

ఈ ప్రయాణానికి మూలం నేను రాసిన ఒక వ్యాసం. తొంభైల్లో, ఆర్థిక సరళీకరణ గురించి తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ రాస్తున్న రోజుల్లో, తిరుపతిలో ఎకనామిక్స్ లెక్చరరునైన నేను మాత్రం ఎందుకు ఊరుకోవాలని ఒక మాసపత్రికకు పంపాను. ఒకే రకం పరిశ్రమలు ఒక ప్రాంతంలో గుంపుగా ఎందుకు పెరుగుతాయి, ఆ గుంపును చూసి అక్కడి జనానికి ఏ పని నేర్పాలో ఎలా తేల్చుకోవచ్చు అన్నది విషయం. దీన్నే క్లస్టర్ విశ్లేషణ అంటారని రాసి, ఆ మాటను వీలైనన్నిసార్లు వాడాను. ఆ వ్యాసం ఇద్దరు చదివారని నా అంచనా. ఒకరు మా ఆవిడ, అదీ ప్రూఫు దిద్దడానికి. రెండోవారు వేలూరులో స్వచ్ఛంద సంస్థ నడిపే సుగుణమ్మ గారు.

"గుడియాత్తంలో ఆడవాళ్ల కోసం శిక్షణ కేంద్రం తెరుస్తున్నాం. ఒక్క కోర్సుకే వసతి ఉంది. ఏది పెట్టాలో వచ్చి చూసి చెప్పండి" అని ఆమె ఫోన్ చేశారు. నా మాట విని ఒకరు నిజంగా ఏదైనా చేస్తామనడం నా జీవితంలో అదే మొదలు. మర్నాడే కాలేజీకి సెలవు పెట్టాను.

వెళ్లి చూడమన్నారు గానీ, నేను చూసే పని ఇంట్లోనే ముగించాను. నాలుగు పెద్ద చార్టుల మీద ఆ ప్రాంతం పటం గీసి, అగ్గిపెట్టెల పనికి ఎర్ర వృత్తం, లుంగీల నేతకు నీలం, బీడీలకు పచ్చ, తోలుకు గోధుమరంగు వేశాను. గుడియాత్తం చుట్టూ అన్నిటికన్నా పెద్దది ఎర్ర వృత్తం. కాబట్టి అగ్గిపెట్టెల పనిలోనే శిక్షణ ఇవ్వాలని తేల్చి, చక్కని చేతిరాతతో తెలుగులో రాసేశాను. అక్కడ తెలుగువాళ్లు చాలామంది ఉన్నారని విన్నాను మరి.

పొద్దున పాసింజరు ఎక్కాను. చిత్తూరులో ఎక్కిన ఒక మామిడికాయల వ్యాపారి నా పక్కన కూర్చుని చార్టుల చుట్టను చాలాసేపు చూశాడు. "క్యాలెండర్లా? ఒకటియ్యండప్పా" అన్నాడు. నేను ఉత్సాహంగా ఒకటి విప్పాను. అతను పైనుంచి కిందికి చూసి, "దేవుడి బొమ్మ లేదే!" అని తనే చుట్టి ఇచ్చేశాడు.

మధ్యాహ్నానికి కాట్పాడిలో దిగి, టౌను బస్సులో వేలూరు చేరి, బస్టాండు దగ్గర మెస్సులో సాంబారన్నం తిన్నాను. సుగుణమ్మ గారిని కలిసి, సాయంత్రం బస్సులో గుడియాత్తం వెళ్లాను. బస్టాండు పక్క లాడ్జిలో గది దొరికింది. ఫ్యాను తిరిగేది, గాలి మాత్రం పక్కగదికి పోయేది. శిక్షణ కేంద్రానికి చోటిస్తున్న వెంకటేశులు నాయుడుగారు పలకరించడానికి వచ్చారు. ఆయనకు అగ్గిపెట్టెల కార్ఖానా ఉంది. నా ఎర్ర వృత్తం చూసి మురిసిపోయారు.

"మా తీపెట్టి పనికే కోర్సు పెట్టాలని ఇంత చదివినోళ్లే చెప్తాండారంటే ఇంకేం కావల్ల సార్!" అని కాఫీ తెప్పించారు. ఆ కాఫీ రుచిలో నాకు సందేహమన్నదే కలగలేదు.

మర్నాడు పెందలాడే వేలూరు వెళ్లి ఉపాధి కార్యాలయంలో కొన్ని లెక్కలు తెచ్చుకుందామని బయల్దేరాను. బస్టాండు బయట ఒక బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. దాని మీద అరవంలో ఏదో రాసి ఉంది. నాకు అరవం చదవడం రాదు. ఎవరినైనా అడగవచ్చు, కానీ ఆ ప్రాంతం పటం గీసినవాడిని బస్సు గురించి అడగడమేమిటని ఎక్కేశాను. లోపల అందరూ ఆడవాళ్లే. ఊరు దాటాక పక్క సీటులో ఉన్న ముప్పై అయిదేళ్లావిడ అడిగింది.

"యాడికి సారూ?"

"వేలూరికి."

"అయ్యో, ఇది వేలూరికి పోదు సారూ. ఆంబూరు దోవలో బూట్ల కంపెనీ ఉండాది కదా, దాని బస్సు ఇది." వెనక సీట్ల దాకా నవ్వు పాకింది. "దిగొద్దు, నడిదోవలో బస్సు దొరకదు. కంపెనీ కాడ దిగితే రోడ్డు మీదే వేలూరు బస్సు వస్తాది."

ఆవిడ పేరు కనకమ్మ. నాయుడుగారి కార్ఖానాలోనే పెట్టెల్లో పుల్లలు నింపే పని. భర్త తాపీ పనికి బెంగుళూరు పోయి వస్తుంటాడు. "మిషన్లో చేసిన తీపెట్టి వచ్చినంక మాకు వేలై, అదే పని, తగ్గిపోయింది సారూ. వారంలో సగం దినాలు సుమ్మా ఊరికే కూసోవల్ల. ఈడ కుట్టే పనికి టెస్టు పెడతారంట. ఇంట్లో జాకెట్లు కుడతా కదా, చూద్దామని వస్తి. నాయుడుకు జొరమని చెప్పినా. మీరు చెప్పేయొద్దు."

చెప్పనని మాట ఇచ్చాను. నా ఎర్ర వృత్తం మధ్యలోంచి ఒకావిడ బయటికి పోతున్నదన్న సంగతి అప్పుడు కూడా నా బుర్రకు ఎక్కలేదు.

కంపెనీ గేటు దగ్గర కాపలావాడు కొత్తవాళ్లందరినీ ఒక షెడ్డులోకి తోలాడు. వేలూరు బస్సు ఎక్కడ ఆగుతుందో అడుగుదామని నేనూ లోపలికి నడిచాను. సూపర్వైజరు హడావుడిలో ఉన్నాడు. "టెస్టుకేనా? కూర్చోండి" అని నా చేతిలో కూడా ఒక తోలు ముక్క పెట్టాడు. కాదని చెప్పే వ్యవధి ఉంది. అయితే పరిశోధకుడన్నవాడు అనుభవాన్ని కాదనకూడదని ఒక గొప్ప ఆలోచన వచ్చి కూర్చున్నాను.

తోలు మీద సుద్దతో వంపు గీత గీసి ఉంది. దాని మీదుగా కుట్టాలి. మోటారు మిషను. కాలు ఆనించానో లేదో, అది ఒక్క అరుపు అరిచి తోలును లాక్కుపోయింది. సుద్దగీత ఒక దిక్కు, నా కుట్టు ఇంకో దిక్కు. రెండూ మళ్లీ కలుసుకోలేదు. కనకమ్మ తిన్నగా మొదలుపెట్టింది గానీ వంపు దగ్గర ఆ వేగానికి బెదిరి పక్కకు పోయింది. వెంటనే దారం లాగేసి మళ్లీ కుట్టింది. సూపర్వైజరు ఆ ముక్కను వెలుతురుకేసి ఎత్తాడు. పాత కుట్టు పడినంత మేరా చిన్నచిన్న బెజ్జాలు.

"గుడ్డయితే విప్పి కుట్టొచ్చమ్మా. తోలు మీద సూది పొడుపు పోదు" అన్నాడు. చిత్తూరు మనిషట, తెలుగులోనే చెప్పాడు. "మాకేమో ఆర్డర్లు పెరిగిపోతాండాయి. వచ్చేదంతా గుడ్డ కుట్టినోళ్లు. నేర్పే తీరిక మాకు లేదు." నా ముక్కను తీసుకుని చెత్తబుట్టలో వేశాడు.

తప్పినవాళ్లమిద్దరం రోడ్డు పక్కన బస్సు కోసం నిలబడ్డాం. "మీ కుట్టు ఆంబూరుకు పోయేసిందే సారూ!" అని కనకమ్మ పగలబడి నవ్వింది. నవ్వుతూనే ముఖం పక్కకు తిప్పుకుంది. కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఒక్క నెల ఆ మిషను మీద కూసోబెట్టినారంటే వచ్చేసుండు" అంది.

ఆమె ఎక్కాల్సిన గుడియాత్తం బస్సు కన్నా ముందు నా వేలూరు బస్సే వచ్చింది. ఎక్కలేదు. ఆమెతో పాటే గుడియాత్తం తిరిగి వచ్చేశాను. అదే రోజు ఇంకో ముగ్గురు నలుగురు కుట్టుపనివాళ్ల ఇళ్లకు వెళ్లాను. వాళ్లలో ఇద్దరు ఆ షెడ్డులోనే, ఆ వంపు దగ్గరే తప్పారు. ఏ పరిశ్రమ పెద్దదో నేను కొలిచాను. ఏది పెరుగుతోంది, ఏది తరుగుతోంది, ఇక్కడివాళ్లకు ఇప్పటికే వచ్చిన పని దేనికి దగ్గర అన్నది చూడలేదు. ఆ మాటలన్నీ నా వ్యాసంలోనే ఉన్నాయి. రాసినవాడు చదివి ఉంటే బాగుండేది.

మర్నాటి సాయంత్రం నాయుడుగారి హాల్లో సమావేశం. సుగుణమ్మ గారు వచ్చారు. నలభైమంది దాకా ఆడవాళ్లు చేరారు, వాళ్లలో కనకమ్మ వెనకవరసలో ఉంది. నేను చార్టులు తగిలించి, ఎర్ర వృత్తంలో ఏముందో ఎవరైనా చదవమన్నాను. ఎవరూ కదల్లేదు. ముందు వరసలో ఒకావిడ చివరికి జాలిపడింది.

"మాకు తెలుగు మాట్లాడే దానికే వస్తాది సారూ. చదివేది అరవమే."

హాలంతా నవ్వు. నేనూ నవ్వి, నోటితోనే చెప్పాను. అగ్గిపెట్టెల కోర్సు వద్దని, కుట్టు వచ్చినవాళ్లకు మోటారు మిషను మీద తోలు కుట్టడం నేర్పాలని.

నాయుడుగారి ముఖం మాడింది. "మొన్న ఒకటి చెప్పి ఈ దినం ఒకటి చెప్తే ఎట్ల సార్? మా కార్ఖానా ఆడోళ్లు తోలు పనికి యాడ పోతారు? పోయినోళ్లను ఒకరిని చూపించండి."

చూపించగలను. మాట ఇచ్చాను కాబట్టి నోరు మూసుకుని నిలబడ్డాను. అప్పుడు వెనకవరసలోంచి కనకమ్మ లేచింది.

"నేను పోయినానప్పా. జొరమని మీకు అబద్ధం చెప్పి పోయినా. టెస్టులో తప్పినా. నేర్పినారంటే మళ్లా పోతా." చెప్పేసి కూర్చోలేదు, నిలబడే ఉంది. ఆమె పక్కన ఇంకొకావిడ లేచింది. తర్వాత ఇంకొకరు.

నాయుడుగారు కనకమ్మ వైపు తిరిగారు. ఆమెను పనిలోంచి తీసేస్తారనే అనుకున్నాను. ఆయన పైకండువా సర్దుకుని, "జొరం తగ్గినట్లే ఉండాది. రేపు పనికి రామ్మా. నేర్చుకునేంత వరకూ రా" అన్నారు. అప్పుడు సుగుణమ్మ గారు మోటారు మిషన్లు కొంటామని ప్రకటించారు. నేర్చుకోవడానికి కావలసిన తోలు ముక్కలు బూట్ల కంపెనీలో అడిగి తెచ్చే బాధ్యత నాకప్పగించారు, అక్కడ నాకు పరిచయం ఉంది కదా అని. మర్నాడు కంపెనీకి వెళితే సూపర్వైజరు నన్ను గుర్తుపట్టి, "మళ్లీ టెస్టుకా?" అని కంగారుపడ్డాడు. విషయం విన్నాక రోజూ కంపెనీ బస్సులోనే ముక్కలు పంపిస్తానన్నాడు.

తిరిగి బయల్దేరే రోజు కార్ఖానా దగ్గర కనకమ్మను కలిసి, రెండు రోజులుగా నన్ను తొలుస్తున్నది అడిగేశాను. "ఆ ఆర్డర్లన్నీ పరాయి దేశాల నుంచి వచ్చేవి. రేపు ఆ కంపెనీ కూడా మూతబడితే?"

"మూసేంత వరకూ కుడతా సారూ" అంది, చేతిలో పెట్టె నింపుతూనే.

కాట్పాడిలో మధ్యాహ్నం రైలు దొరికింది. కిటికీ పక్కన కూర్చుని పొన్నై ఏటి వైపు చెరుకు తోటలు చూస్తూ నా సేవ ఎంతో లెక్కవేసుకున్నాను. నేను రాకపోయినా కనకమ్మ ఇంకోసారి ఆ బస్సు ఎక్కేదే. ఈసారి ఆ వంపు దగ్గర చెయ్యి బెదరకుండా ఉంటే, అందులో నా వంతు రవ్వంత. కానీ ఇన్నేళ్లలో క్లాసులో నేను చెప్పిన ఏ పాఠం వల్లా ఎవరి చెయ్యీ కుదురుకున్న గుర్తు లేదు. ఆ రవ్వంత చాలనుకుని, చిత్తూరు వచ్చేలోపు హాయిగా నిద్రపోయాను.