దాపటి మోటరు

నిజామాబాద్ నుంచి రోజూ బస్సెక్కి బోధన్ వెళ్లి ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేవాణ్ని. బస్సు ఊళ్లోకి రాకముందే సీట్లోంచి లేచి తలుపు దగ్గర నిలబడేవాణ్ని. నేను నిలబడితే బస్సు జోరుగా పోతుందా? పోదు. అయినా కూర్చోలేను. "ఆత్రగానికి బుద్ధి మట్టు" అని మా అవ్వ ఊరికే తిట్టేది కాదు.

రెండువేల అయిదో, ఆరో. హైదరాబాద్ నుంచి ఒక కంపెనీ మనిషి వచ్చి వారం రోజుల కోసం మా బడిలో ఒక పెట్టె పెట్టిపోయాడు. అందులో రంగురంగుల ప్లాస్టిక్ ఇటుకలు, చక్రాలు, రెండు మోటర్లు, కంప్యూటర్‌లో మనం రాసిన ఆజ్ఞలను దాచుకునే ఒక పసుపుపచ్చ డబ్బా. పిల్లలు వాటితో బండి కట్టాలి, అది తనంతట తాను నడవాలి. పెట్టె తెప్పించమని ఆరు నెలలు కరస్పాండెంటు సారు ప్రాణం తీసింది నేనే. ఆయన ఒకటే మాట అన్నాడు.

"శనివారం నడిపి చూపియ్యి. నడిస్తే కొంటం. లేకపోతే పెట్టె వాపస్, నువ్వు గూడ ఇంకో బడి చూసుకో."

పిల్లలందరూ వింటుండగా నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం ఆ వారమంతా అన్నం సయించలేదు.

ఎనిమిదో తరగతి పిల్లలు చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు తోలే బండి కట్టారు. బల్ల మీద తిన్నగా పోయి, చివర్లో ఎడమకు తిరిగి, ఇటుకలతో కట్టిన గేట్లో దూరాలి. తిన్నగా పోయేది, తిరిగేది కాదు. రెండు రోజులు పోయాయి. నేను ఊరుకుంటానా! "ఇటియ్యి, ఇటియ్యి" అని పిల్లల చేతుల్లోంచి గుంజుకోవడం, నేనూ పాడుచెయ్యడం.

రుద్రూర్ వైపు నుంచి వచ్చే ఒక పిల్ల ఉండేది. వాళ్ల నాయన ఎడ్లబండి మీద చెరుకు తోలేవాడు. మెల్లగా అంది.

"సార్, దాపటెద్దును ఆపి ఎలపటెద్దును తోల్తే బండి దాపటికే మర్లుతది. మా బాపు గట్లనే మలుపుతడు. మోటర్లు గూడ గంతే గద."

దాపట అంటే బండి తోలేవాడికి ఎడమవైపు, ఎలపట అంటే కుడివైపు. టౌనులో పెరిగిన నాకు ఆ పిల్ల చెప్పేదాకా తెలియదు. తెలియనిది పిల్ల చెబితే మనకు రోషం కదా! "ఇది ఎడ్లబండి కాదమ్మా, రోబో" అని కసిరాను. కానీ ఆ పిల్ల చెప్పినట్టే చేశాం. బండి మలుపు తిరిగి గేట్లో దూరింది. క్లాసు క్లాసంతా ఎగిరి గంతేసింది.

ఆ పిల్ల రెండు వైర్లకు దాపట, ఎలపట అని చీటీలు అంటించి ఏ మోటరుకు ఆ వైరు కలిపింది. నేను ఆ చీటీలు పీకేసి 'లెఫ్ట్', 'రైట్' అని రాసి అంటించాను. సారు ముందు పరువు పోవద్దు మరి!

శనివారం పొద్దున్నే, పిల్లలు రాకముందే వచ్చి బండికి ఎదురుగా నిలబడి చూశాను. 'లెఫ్ట్' వైరు నా కుడివైపున ఉంది. వామ్మో, కొంప మునిగేది! వెంటనే వైర్లు అటుదిటు చేశాను. సెల్లులు అయిపోతాయని నడిపి చూడలేదు.

కరస్పాండెంటు సారు వచ్చాడు. బండి తిన్నగా పోయింది. బల్ల చివర కుడికి తిరిగింది. సారు బూట్ల ముందు పడి ముక్కలు ముక్కలైంది.

"వైర్లు ఎవరు కలిపిండ్రు?" అన్నాడు సారు.

"పిల్లలు సార్" అన్నాను.

నా నోరే అంది. ఆలోచించే లోపే అంది. ఆ పిల్ల కింద పడ్డ మోటర్ల వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, వంగి ముక్కలు ఏరడం మొదలుపెట్టింది.

"ఎడ్లబండ్లు తోలెటోళ్ల పిల్లలకు గివెందుకయ్యా!" అని సారు వెళ్లిపోయాడు. నన్నేమీ అనలేదు. మధ్యాహ్నానికల్లా పెట్టె హైదరాబాద్ దారి పట్టింది.

ఆదివారం ఇంట్లో కాలు నిలవలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. సోమవారం క్లాసుకు పోయి, హాజరు కూడా పిలవకుండా చెప్పేశాను.

"వైర్లు మార్చింది నేను. తప్పు మీది కాదు."

ఆ పిల్ల లేచి నిలబడింది.

"నాకెర్కనే సార్. మీరు బండికి ఎదురుంగ నిలబడి సూసుంటరు. తోలెటోడు ఎన్కకెల్లి సూడాలె."

"తెలిస్తే అప్పుడే సారుకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మీ నౌకరి పోతుండె గద సార్" అని కూర్చుని, సైన్సు నోటుబుక్కు తెరిచింది.