కూల్చకండి, దించండి అన్న మా ఆంటీ

ఆంటీ పోయారన్న కబురు నాకు ఇంగ్లిషులో వచ్చింది. మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ఆమె మనవరాలు ఫోన్ చేసింది. చెప్పిన నాలుగు ముక్కల్లో "అమ్మమ్మ" ఒక్కటే తెలుగు. తాను సిస్టర్‌గా పనిచేసి రిటైరైన ఆసుపత్రిలోనే ఆంటీ కన్నుమూశారు. వెంటనే కారు తీశాను. నేనుండే మిల్టన్ కీన్స్‌లో అడుగడుక్కీ వచ్చే రౌండబౌట్లు, అంటే గుండ్రటి కూడళ్ళు, నాకు కొత్త కాదు. అయినా ఆ రోజు ఎటు తిరగాలో తెలియక తిరిగినచోటే తిరిగాను. ఈ రాత రాయడానికి కూర్చున్నప్పటి నుంచీ కూడా నా పరిస్థితి అలాగే ఉంది. ఒక చోటి నుంచి మొదలుపెడతాను, మళ్ళీ లేస్తాను.

2010లో మాస్టర్స్ చదవడానికి బర్మింగ్‌హామ్ వచ్చాను. మాది సూర్యాపేట దగ్గర పల్లె. యూనివర్సిటీకి బస్సు దూరంలో ఉన్న ఒక చిన్న ఊళ్ళో, ఆంటీ ఇంట్లో మేడ మీద గది అద్దెకు దొరికింది. ఆంటీది రేపల్లె వైపు. డెబ్బైల్లో నర్సుగా వచ్చారు. పెళ్ళి, కాపురం, కూతురు, ఉద్యోగం అన్నీ ఇక్కడే. అంకుల్ నేను రాకముందే పోయారు. కూతురు లండన్ దగ్గర వాట్‌ఫర్డ్‌లో స్థిరపడింది. మనవరాలు మాత్రం సెలవు దొరికితే అమ్మమ్మ దగ్గర వాలేది.

ఆంటీ కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. టీ నిలబడే తాగేవారు. టీవీ చూస్తూ ఇస్త్రీ చేసేవారు. నర్సులు గుండెల మీద తలకిందులుగా పెట్టుకునే గడియారాన్ని రిటైరయ్యాక కూడా కార్డిగన్‌కు తగిలించుకుని, మాటల మధ్యలో దాన్ని పైకెత్తి చూసేవారు. ఎక్కడికీ వెళ్ళేది లేకపోయినా చూసేవారు. అభిప్రాయాలూ అంతే. సాయంత్రం ఒక మాట గట్టిగా చెప్పి, పొద్దున్నే మెట్ల కింద నిలబడి "నిన్న నేను చెప్పింది సరిగ్గా లేదయ్యా" అని మొదలుపెట్టేవారు. చివర్లో "ఇవాళ్టికి ఇదీ నా మాట" అని ముగించేవారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది.

2011 మార్చిలో మా ఇద్దరికీ చెడింది. ఆ రోజు తెలంగాణ కోసం హైదరాబాద్‌లో పెద్ద ఊరేగింపు జరిగింది. ట్యాంక్ బండ్ మీద వరసగా ఉన్న తెలుగు ప్రముఖుల విగ్రహాలలో చాలావాటిని జనం కూల్చేశారు. కొన్నిటిని హుస్సేన్ సాగర్‌లోకి తోసేశారు. వంటింట్లో లాప్‌టాప్ పెట్టుకుని నేను ఆ వార్తలు చూస్తున్నాను. నాకు ఒళ్ళు పులకరించింది. ఊళ్ళో దోస్తులు ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేస్తున్నారు. ఆంటీ కుక్కర్ కట్టేసి నా వెనక వచ్చి నిలబడిన సంగతి నేను గమనించలేదు.

"అదేందయ్యా, వాళ్ళు కవులు గదా" అన్నారు.

"గవి మావి కావు ఆంటీ. అంత పొడుగు కట్ట మీద మా వాళ్ళయి ఎన్ని పెట్టిన్రు?" అన్నాను.

ఆవిడ అరవలేదు. ఒకసారి సెలవుల్లో ఇండియా వెళ్ళినప్పుడు ముసలి తండ్రిని హైదరాబాద్ చూపించడానికి తీసుకెళ్ళారట. ఆయన మిషన్ బడిలో పంతులు. ఆ కట్ట మీద నడుస్తూ ఒక కవి విగ్రహం ముందు ఆగి, చెప్పులు విడిచి, కాసేపు అలాగే నిలబడ్డారట. ఈయన పద్యాలు నోటికి పట్టబట్టే నాకు పంతులు ఉద్యోగం వచ్చింది, నిన్ను నర్సు చదివించాను అన్నారట. అదే ఆయన చివరి ప్రయాణం. ఇంత చెప్పి, "మీకు చోటివ్వలేదన్నది నిజమే అయ్యుంటది. అందుకని మా నాన్న నిలబడ్డ చోటు ఎట్టా పగలగొడతారయ్యా?" అని పైకి వెళ్ళిపోయారు.

ఆ వారమంతా నా అన్నం బల్ల మీద మూత పెట్టి ఉండేది. ఆవిడ మాత్రం కనబడేవారు కాదు. గది మారిపోదామని నేను పేపర్లో ప్రకటనలు కూడా చూశాను. ఆదివారం చర్చికి తయారై, కోటు గుండీలు పెట్టుకుంటూ నా గది తలుపు దగ్గరికి వచ్చారు. మీ వాళ్ళయి లేవన్నావు గదా, ఎవరిది ఉండాల్సింది, చెప్పు అని అడిగారు.

నేను పేరున్న వాళ్ళను ఎవరినైనా చెప్పొచ్చు. ఎందుకో మా నాయినమ్మ గుర్తొచ్చింది. సాయుధ పోరాటం రోజుల్లో ఆమె దళాలకు రొట్టెలు మోసింది. దొర మనుషులు పట్టుకుని కొడితే చెయ్యి విరిగి వంకరగా అతుక్కుంది. ఆ చేత్తోనే చివరిదాకా నాట్లేసింది. ఆమె సంగతి మా ఊరి బడి పిల్లలకే తెలియదు. ఇదంతా చెబుతుంటే ఆంటీ తలుపు దగ్గరే నిలబడి విన్నారు. చర్చి వేళ దాటిపోతున్నా గడియారం ఎత్తి చూడలేదు.

"పడగొట్టటం తప్పే" అన్నారు చివరికి. "మీ నాయనమ్మకి ఒక్క రాయన్నా లేకపోటం అంతకంటే తప్పు. ఈ రెండూ నాకు ఒకేసారి మింగుడుపడటం లేదు. ఇవాళ్టికి ఇదీ నా మాట."

నాకు అప్పటి నుంచి ఆ మాటకు నవ్వు రాలేదు. మేం ఏకాభిప్రాయానికి రాలేదు. రాష్ట్రం విడిపోయిన రోజున ఫోన్ చేసి నాకు శుభాకాంక్షలు చెప్పి, నేను మాత్రం చూళ్ళేక టీవీ కట్టేశానయ్యా అన్నారు. రెండూ నిజాలే.

అప్పటికి నేను ఉద్యోగం వచ్చి మిల్టన్ కీన్స్ వెళ్ళిపోయాను. అయినా నెలకోసారైనా వెళ్ళి ఆవిడ చేతి గోంగూర తినకపోతే నాకు తోచేది కాదు. అలా ఉండగా, కొన్నేళ్ళకు ఆంటీ వాళ్ళ ఊళ్ళోనే ఒక విగ్రహం మీద గొడవ మొదలైంది.

చర్చి ఎదురుగా, బస్టాపు పక్కన, ఎత్తైన రాతి దిమ్మె మీద ఒక తెల్లదొర నిలబడి ఉంటాడు. చేతిలో చుట్టిన కాగితం ఉంటుంది. ఈ దేశం వచ్చిన కొత్తలో మంచులో బస్సు కోసం నిలబడ్డప్పుడల్లా ఆంటీ ఆయన్ని చూసేవారట. కాగితం పట్టుకున్నాడు కాబట్టి కవి అనుకున్నారట. ఉద్యోగం చేసినన్నాళ్ళూ కవి అనే అనుకున్నారు. యూనివర్సిటీలో చరిత్ర చదువుతున్న మనవరాలు ఒకరోజు అమ్మమ్మను అక్కడికి తీసుకెళ్ళి అసలు సంగతి చెప్పింది. ఆయన ఈస్టిండియా కంపెనీ కాలంలో ఆంటీ వాళ్ళ కోస్తా జిల్లా మీదే పెత్తనం చేసినవాడు. కరువు పడి జనం చచ్చిపోతున్నా శిస్తు వదలని మనిషి. చేతిలోది పద్యం కాదు, శిస్తు కాగితం. దిమ్మె మీద మాత్రం ప్రజల మిత్రుడు అని చెక్కి ఉంది. ఆ విగ్రహాన్ని తీసేయాలని మనవరాలూ ఆమె స్నేహితులూ సంతకాలు సేకరిస్తున్నారు.

ఆంటీ నాకు ఫోన్ చేశారు. "ఇన్నేళ్ళూ వాడికి గుడ్ మార్నింగ్ చెప్పాను గదయ్యా" అన్నారు. ఆ గొంతు నేనంతకు ముందు వినలేదు.

ఇక తేల్చుకోవడం సులువే అనుకున్నాను. కానీ పక్కింట్లో ఒక ఇంగ్లిషు ఆవిడ ఉండేది. ఆంటీకి ఈ దేశంలో మొదటి స్నేహితురాలు. గోడ మీదుగా ఒకరి గిన్నెలు ఒకరికి అందేవి. ఆవిడ తండ్రి కౌన్సిల్‌లో, అంటే అక్కడి మునిసిపాలిటీలో, తోటమాలి. ఏటా వసంతంలో నిచ్చెన వేసుకుని ఆ విగ్రహాన్ని తోమి మెరిపించేవాడు. చిన్నప్పుడు ఆవిడ ఆ దిమ్మె మెట్ల మీదే కూర్చుని తండ్రికి గుడ్డలు అందించేది. విగ్రహం తీసేస్తారని వినగానే ఆవిడ ఆంటీ వంటింట్లోకి వచ్చి ఏడ్చిందట. ఆ దొర ఎవరో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు, అది మా నాన్న ఉన్న చోటు అందట.

ఆంటీకి ఆ మాట ఎక్కడ తగిలిందో నాకొక్కడికే తెలుసు.

చర్చిలో మన తెలుగువాళ్ళు కలగజేసుకోవద్దని చెప్పారు. బతకడానికి వచ్చాం, మనకెందుకు సిస్టర్ అన్నారు. కౌన్సిల్ వాళ్ళు ఊరి హాల్లో మీటింగ్ పెట్టిన రోజు నన్ను తోడు రమ్మన్నారు ఆంటీ. వెళ్ళాను. హాలు నిండిపోయింది. ఒక వైపు మనవరాలి బృందం, ఇంకో వైపు పక్కింటావిడ, ఆమె వయసు వాళ్ళు. ఒక పెద్దాయన లేచి, దీన్ని తీసేస్తే చరిత్ర ఎవరికి గుర్తుంటుందని అడిగాడు. ఆయన వైపు వాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఆంటీ లేచారు. ఇంగ్లిషులోనే మాట్లాడారు, వార్డులో మాట్లాడినట్టు, తొందర లేకుండా.

"నేను ఆ జిల్లా మనిషిని" అన్నారు. "ఆ కరువు మీలో ఎంతమందికి తెలుసు? ఆయన ఇన్నేళ్ళు అక్కడ నిలబడ్డాడు. నాకే గుర్తు చెయ్యలేదు. ఆయన గుర్తుపెట్టిన చరిత్ర ఏదో నాకు చెప్పండి."

తర్వాత ఆవిడ పక్కింటావిడ వైపు తిరిగి, ఆమె తండ్రి పేరు చెప్పారు. ఆయన నిచ్చెన గురించీ, తోమిన గుడ్డల గురించీ చెప్పారు. మా దేశంలో మా నాన్న గౌరవించిన విగ్రహం ఒకటి గుంపు చేతిలో పోయింది, ఆ బాధ ఈమెకు వద్దు అన్నారు. "అందుకని కూల్చకండి, దించండి. పగటి పూట, అందరికీ చెప్పి దించండి. ఈమె పక్కన నేను నిలబడతాను. ఎక్కడ పెడతారో ఈమెకు చెప్పండి, వెళ్ళి చూసుకుంటుంది. కానీ దించండి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

బయటికి వచ్చాక మనవరాలు చలిలో నిలబడి అమ్మమ్మను నిలదీసింది. ఆకలితో చచ్చినవాళ్ళకు ఎవరు మర్యాద చేశారని, ఇప్పుడు మనం వాడికి మర్యాద చెయ్యాలి అంది. ఆంటీ తెలుగులో "వాడికి కాదమ్మా" అని మాత్రం అన్నారు. పక్కింటావిడ తల తిప్పుకుని మా ముందు నుంచే కారెక్కి వెళ్ళిపోయింది. ఆ తర్వాత గోడ మీదుగా గిన్నెలు రావడం ఆగిపోయింది. చర్చిలో కొందరు ఆంటీ పక్క కుర్చీలో కూర్చోవడం మానేశారు.

కౌన్సిల్ ఏమీ తేల్చలేదు. మరమ్మతులని చెప్పి విగ్రహం చుట్టూ కంచె వేసి, నిర్ణయాన్ని వాయిదా వేసింది. ఆంటీకి అది అందరికంటే ఎక్కువ అశాంతి కలిగించింది. నాకు ఫోన్ల మీద ఫోన్లు చేసేవారు. దిమ్మె తీసేసి ఆయన్ని మనతో పాటు నేల మీద నిలబెడితే ఎట్టా ఉంటది అని ఒకరోజు అనేవారు. పక్కనే కరువుకి ఒక రాయి పెడితే చాలేమో అని ఇంకోరోజు. కాదు, దించాల్సిందే అని మర్నాడు. నేను విసుక్కున్న రోజులున్నాయి. ఇప్పుడనిపిస్తుంది, మిగతా మేమంతా ఒకసారి ఆలోచించి ఆగిపోయాం. ఆవిడ ఆగలేదు. ఎదుటివాళ్ళ నాన్నను కూడా లెక్కలోకి తీసుకుంటే ఏ మనిషికీ అంత సులువుగా నిద్ర పట్టదు.

కిందటేడు వేసవి చివర ఆంటీకి జబ్బు బయటపడింది. నేను చూడడానికి వెళ్ళినప్పుడు వంటింట్లో పక్కింటావిడ ఉంది. తన తోటలో కాసిన చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఎప్పుడు వచ్చిందో, ఎలా మాటలు కలిశాయో నేను అడగలేదు. ఆవిడే చెప్పింది. "ఆ విగ్రహం ఉండాలనే నేను ఇప్పటికీ అంటాను" అంది. "కానీ ఈ ఊళ్ళో నలుగురి ముందు మా నాన్న పేరు చెప్పింది ఈమె ఒక్కతే." ఆంటీ సోఫాలో దుప్పటి కప్పుకుని వింటున్నారు. చిక్కుళ్ళు మరీ ముదరనిచ్చావు, ఇట్టాంటివి మేం గేదెలకి వేస్తాం అని ఆవిడకు ఇంగ్లిషులో చెప్పారు. ఇద్దరూ నవ్వుకున్నారు. మనవరాలు అలిగి రాకుండా ఉన్నది కొన్నాళ్ళే. తర్వాత చదువు మధ్యలో కూడా వచ్చి అమ్మమ్మకు మందులు వేసి వెళ్ళేది. ఆ వాదన మాత్రం చివరిదాకా సాగింది. మందు గ్లాసు చేతికిస్తూ కూడా ఇద్దరూ వాదించుకునేవారు.

అంత్యక్రియల రోజు తెలుగు పాటలు పాడుతుంటే, ఒక్క మాటా అర్థం కాని పక్కింటావిడ పాటల పుస్తకం తెరిచి పట్టుకుని చివరిదాకా నిలబడే ఉంది. శవపేటిక ఉన్న కారు బస్టాపు ముందు నుంచి వెళ్ళింది. కంచె అలాగే ఉంది. మేమెవరమూ అటు చూడలేదు. అందరం చూడకూడదని అనుకున్నామనుకుంటాను.

మొన్న శనివారం మనవరాలూ, పక్కింటావిడా, నేనూ సమాధి దగ్గరికి వెళ్ళాం. రాయి ఎప్పుడు పెట్టొచ్చని అక్కడ పనిచేసే అతన్ని అడిగితే, ఇప్పుడే కుదరదన్నాడు. తవ్విన మట్టి బాగా దిగాలి, వానలు పడాలి, చలికాలం గడవాలి, తొందరపడి పెడితే రాయి పక్కకు ఒరుగుతుందన్నాడు. అప్పటిదాకా పేరు రాసిన చిన్న చెక్క సిలువే ఉంటుంది. ముందు రోజు కురిసిన వానకు అది కాస్త వంగింది. మనవరాలు మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని నిటారుగా పట్టుకుంటే, పక్కింటావిడ గ్లవ్స్ తీసేసి చేతులతో చుట్టూ మట్టి అదిమింది. మేం గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగి చూశాం. సిలువ మళ్ళీ కొంచెం వంగి ఉంది. వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, తడిగడ్డిలో మళ్ళీ సిలువ దగ్గరికి నడిచారు.