స్ట్రాటజీ మ్యాపులో అడుగు గడి

మొన్న నిజామాబాదు కంఠేశ్వర్‌లో కళ్ళ డాక్టరు దగ్గర వంతు కోసం కూచున్నప్పుడు, పక్కనున్న కాలేజీ అమ్మాయి పుస్తకంలో గడులూ, వాటి మధ్య పైకి పోయే బాణాలూ గీస్తుంటే, ఉండబట్టలేక స్ట్రాటజీ మ్యాపేనా అమ్మా అని అడిగాను. ఔనంటూ ఆ పిల్ల నా పంచె వంకా చెప్పుల వంకా వింతగా చూసింది. చూడదా మరి. నా ఈడువాళ్ళలో ఆ విద్య నేర్చి, దాని దెబ్బా తిన్నవాళ్ళు ఈ జిల్లాలో ఎందరుంటారు?

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను బోధన్ వైపు ఒక చిన్న చక్కెర ఫ్యాక్టరీలో, చెరుకు విభాగంలో గుమాస్తాను. మా అక్క పెనిమిటి అక్కడే ప్లానింగు ఆఫీసరు. ఆ ఉద్యోగం పెట్టించిందే ఆయన కనుక బావ మాట నాకు వేదం. హైదరాబాదు నుంచి ఒక మేడం వచ్చి నిజామాబాదులో పాఠాలు చెబుతుందంటే నన్నూ వెంట తీసుకుపోయాడు. ఆవిడ గోడకు పెద్ద కాగితం అంటించి, పై వరుసలో లాభం, దాని కింద మన చక్కెర కొనేవాళ్ళు, ఆ కింద పని జరిగే తీరు, అన్నిటికన్నా అడుగున మనుషుల నేర్పు అని గడులు గీసి, ఈ స్ట్రాటజీ మ్యాపును కింది నుంచి పైకి చదవాలంది. లాభాన్ని కొలిస్తే జరిగిపోయింది తెలుస్తుంది, అడుగు గడిని కొలిస్తే జరగబోయేది తెలుస్తుందట. బడి మానేశాక నా మనసుకు పట్టిన పాఠం అదొక్కటే.

మా ఫ్యాక్టరీకి అడుగు గడి ఎవరో నాకు తెలుసు మరి. ఊరూరా తిరిగే ఫీల్డుమన్లు. ఎవరి చెరుకు ఎప్పుడు కొట్టాలో వంతు చెప్పేది వాళ్ళే, ఒకరి తోట ఎండిపోతుంటే ఇంకొకరిని బతిమాలి వంతు మార్పించేదీ వాళ్ళే. సీజను లేనప్పుడు రైతుల ఇళ్ళలో చాయ్ తాగుతూ, పెళ్ళిళ్ళకూ చావులకూ పోతూ ఉండేవాళ్ళు. ఆ రాకపోకల వల్లనే చెరుకు బెల్లం గానుగలకు మళ్ళకుండా మా గేటుకు వచ్చేది. ఏ కాగితం మీదా లేని ఆ పనినంతా మ్యాపులోకి ఎక్కిద్దామని, వాళ్ళతో మనసు విప్పి చెప్పించమని బావ నాకు పురమాయించాడు. నేను సంబరంగా పోయి అందరినీ కూచోబెట్టాను. మేం పెద్దన్న అని పిలిచే ముసలి ఫీల్డుమన్ మొదలుపెడితే, తక్కినవాళ్ళూ కడుపులో ఏమీ దాచుకోకుండా నవ్వుకుంటూ చెప్పారు. బావ అంతా రాసుకున్నాడు.

పెద్దసార్ల ముందు మ్యాపు పెట్టిన రోజు బావ దాన్ని పై నుంచి కిందికి చదివాడు. లాభం పెరగాలి, అందుకు ఖర్చు తగ్గాలి, ఆ ఖర్చంతా అడుగు గడిలో ఉంది. సీజను లేనన్నాళ్ళూ చాయ్ తాగుతూ పెళ్ళిళ్ళు తిరుగుతామని వీళ్ళే ఒప్పుకున్నారు సార్ అన్నాడు. నేను లేచి, అది కాదు సార్ అనబోతే ఎవరూ నా వైపు చూడనైనా లేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది. పై సీజనుకు ఒక్క ఫీల్డుమన్‌నూ ఉంచలేదు. నేను అక్క ఎదుటే బావను నానా మాటలూ అంటే, ఆయన తాపీగా అన్నం కలుపుకుంటూ, "నీ నౌకరి నిలవెట్టిన. గది సూడు ముందుగాల" అన్నాడు. అక్క తల ఎత్తలేదు. పిల్లలు గలవాణ్ణి, ఆ నౌకరీలోనే ఉండిపోయాను, కానీ ఆ ఇంట్లో మళ్ళీ మంచినీళ్ళు ముట్టలేదు.

కొన్నాళ్ళకు వేల్పూర్‌లో పెద్దన్న కనిపించి, తానే పిలిచి చాయ్ తాగించాడు. మ్యాపు గీసింది మా బావ, నాకేమీ తెలియదన్నా అని చెప్పుకున్నాను.

"ఎవలు గీస్తేంది తమ్మీ. మేమైతే నీ మొఖం సూసి చెప్పినం" అన్నాడు. ఆ గొంతులో కోపం కూడా లేదు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు ఆఫీసుల్లో మీ మనసులో మాట చెప్పండంటూ ఏటేటా కాగితాలు పంచుతారని, అంతా బాగుందని టిక్కులు పెట్టి ఇచ్చేస్తామని మా అల్లుడు నవ్వుతూ చెబుతుంటాడు. వాళ్ళది తెలివి, కాదనను. మా రోజుల్లో పక్కన కూచుని అడిగితే చాలు, మనిషి ఉన్నదున్నట్టు చెప్పేవాడు. నన్ను నమ్మి అట్లా చెప్పిన మనుషులు మళ్ళీ నాకు దొరకలేదు.