అక్క పెద్దమనిషైన రోజు

నిన్న తిరువూరులో అక్క ఇంటి గడప దాటగానే నువ్వులూ బెల్లమూ కలిపి దంచుతున్న వాసన వచ్చింది. అక్క కూతురు ఈడేరిందని చిమ్మిలి చేస్తున్నారు. ఆ వాసన తగిలితే నాకు వినగడపలో మా ఇల్లే గుర్తొస్తుంది.

అప్పుడు అక్కది ఎనిమిదో తరగతి, నాది రెండు. "మీ అక్క పెద్దమనిషైందే," అని అమ్మ చెబితే పొంగిపోయాను. మా ఊళ్ళో పెద్దమనుషులంటే తగవులు తీర్చేవాళ్ళు. వాళ్ళ మాటకు ఎవరూ ఎదురు చెప్పరు. మరి అక్కను మూల చాప మీద ఎందుకు కూర్చోబెట్టారో, చిమ్మిలి ముద్ద చేతిలో పెట్టుకుని తను ఎందుకు ఏడుస్తోందో నాకు అర్థం కాలేదు.

సాయంత్రం నాయనమ్మ నాన్నతో అంది. "ఇంక దాన్ని బడి మాన్పించరా. గంపలగూడెంలో మంచి సంబంధం ఉంది."

నాన్న తల దించుకుని కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"అక్క పెద్దమనిషి కదా. మధ్యలో మీరు చెప్పడమేంటి? అక్కనే చెప్పమనండి," అన్నాను.

నాన్న తలెత్తి అక్క వైపు తిరిగాడు.

"ఏమ్మా, నువ్వేమంటావ్?"

"బడికెళ్తాను నాన్నా."

నాయనమ్మ చాలాసేపు గొణిగింది గానీ, ఆ తీర్పు మారలేదు. అమ్మ లేచి అక్క బడిసంచి తెచ్చి చాప పక్కన పెట్టింది.

కొన్నేళ్ళకు నేనూ పెద్దమనిషినయ్యాను. బడి మాన్పించే మాట ఎవరూ ఎత్తలేదు. అదే మూల కూర్చుని, చిమ్మిలి అంటిన వేళ్ళతో లెక్కలు చేసుకున్నాను.