ఊత్తంగరైలో ఒక నిమిషం నలభై ఏడు సెకన్లు

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథ చివర ఎవరూ గెలవరు. ఒక మనిషి బతుకు తలకిందులు కావడానికి పగవాళ్ళు అక్కర్లేదు, ఒక్క వీరాభిమాని చాలు అని రుజువు చేసిన ఘనుణ్ణి నేను. నా చేతిలో కత్తి లేదు, కర్ర లేదు. ఒక పొన్నాడై ఉంది, అంతే.

పొన్నాడై అంటే తెలియని వాళ్ళ కోసం చెబుతాను. మా హోసూరు, కృష్ణగిరి వైపు ఎవరు ఏ చిన్న ఘనకార్యం చేసినా భుజాల మీద కప్పే జరీ శాలువా. పిల్లవాడు పది పాసైతే కప్పుతాం. బోరులో నీళ్ళు పడితే బోరు లారీ డ్రైవరుకు కప్పుతాం. మండుటెండలో చెమటతో తడిసిన మనిషికి శాలువా ఎందుకయ్యా అని అడిగినవాడు మా వైపు ఇంతవరకూ పుట్టలేదు.

తొంభైల చివర నేను హోసూరులో ఒక ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పనిచేసేవాణ్ణి. ఇరవై నాలుగేళ్ళు, పెళ్ళి కాలేదు, ఒంట్లో రక్తం ఎక్కువ, తలలో సరుకు తక్కువ. మా పక్క షెడ్డులో కాంట్రాక్టు మీద పనిచేసేవాడు లగుమప్ప. అత్తిముగం మనిషి. రోజూ ఊరి నుంచి సైకిలు మీదే వచ్చేవాడు. మేం కంపెనీ బస్సు దిగి, ఒళ్ళు విరుచుకుని, గేటు దగ్గర టీ తాగుతుండగా చూస్తే, మాకన్నా వెనక బయల్దేరినవాడు అప్పటికే చొక్కా మార్చుకుని మిషను ఆన్ చేసి ఉండేవాడు. అది చూసి ఎవరో పోటీల్లోకి లాగారు. రెండేళ్ళలో చుట్టుపక్కల జిల్లాల్లో అతన్ని దాటినవాడు లేడు.

ఆ ఏడు మైసూరు నుంచి తిరువణ్ణామలై దాకా మూడు రోజుల పెద్ద పోటీ పెట్టారు. జీతాలిచ్చి సైకిలు తొక్కించుకునే ఉత్తరాది కంపెనీల జట్లు దిగాయి. అందులో ఒక కంపెనీవాళ్ళు, మూడు రోజులూ కలిపి గెలిచినవాణ్ణి మా జట్టులోకి పర్మనెంటుగా తీసుకుంటాం అన్నారు. లగుమప్పకు అదొక్కటే దారి. మా ఫ్యాక్టరీలో అతని కాంట్రాక్టు ఆ నెలాఖరుతో సరి.

నేనేమో మూడు రోజులు సెలవు పెట్టాను. మెడలో ఒక స్టాప్‌వాచీ వేలాడేసుకున్నాను. "లగుమప్ప అభిమాన సంఘం" అని పేరు పెట్టి, నన్ను నేనే అధ్యక్షుడిగా ఏకగ్రీవంగా ఎన్నుకున్నాను. సంఘంలో వేరే ఓటు లేదు కాబట్టి పెద్దగా గొడవ జరగలేదు.

మొదటి రోజు మైసూరు నుంచి బెంగుళూరు. రెండో రోజు బెంగుళూరు నుంచి హోసూరు మీదుగా కృష్ణగిరి. ఆ సాయంత్రం కృష్ణగిరిలో లెక్క తేలింది. పసుపు చొక్కా వేసుకున్న ఉత్తరాది మనిషి అందరికన్నా ముందు, అతనికి ముప్ఫై ఎనిమిది సెకన్ల వెనక మన లగుమప్ప. మిగిలింది ఒకే రోజు, కృష్ణగిరి నుంచి ఊత్తంగరై మీదుగా తిరువణ్ణామలై.

ఊత్తంగరైలో మా మేనమామ ఉన్నాడు. వేరుశనక్కాయల వ్యాపారి, బజారు వర్తకుల సంఘానికి పెద్ద, గోవిందప్ప మామ. ఆ రాత్రే బస్సెక్కి ఆయన ఇంట్లో వాలాను. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదకూడదంటారు పెద్దలు. మా వైపు గోదారి లేదు గనక నేను మా మామ పంచె పట్టుకుని దిగాను.

"మన జాతి బిడ్డ మనూరి మింద పోతాంటే ఊరికే నిలబడి చూస్తామా? మర్యాద చేయల్ల గదరా శీనా!" అన్నాడు మామ.

"చేయల్ల మామా. అయితే ఆయప్ప నిలబడకూడదు. మూడు దినాల టైమూ కలుపుతారు. ఒక్కొక్క సెకనూ లెక్కే."

"ముందొచ్చినోడు గెలిచినోడు. దాంట్లో కలిపేదేముండాది?"

"అట్ల కాదు మామా. రేపు ముందొచ్చినా చాలదు. ఆ పసుపు చొక్కాయప్ప కంటే ముప్ఫై ఎనిమిది సెకన్లకు పైన ముందు రావల్ల."

మామ వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "అంటే, ముందొచ్చినా ఓడిపోతాడా?"

"ఓడిపోవచ్చు."

"ఇది యాడి పందెమప్పా!" అని మామ చీదరించుకుని పొన్నాడై కొనడానికి వెళ్ళిపోయాడు.

నన్ను మరీ అంత తక్కువగా అంచనా వేయకండి. సైకిలు ఆపకుండానే సత్కారం జరగాలని నేను పథకం వేశాను. నేను పక్కన పరుగెత్తుతూ దండ వేస్తాను, మామ రోడ్డు అంచున నిలబడి శాలువా విసురుతాడు. పొద్దున్నే పాలు పోయడానికి వచ్చిన మునుసామి మీద రిహార్సలు కూడా చేశాం. మొదటిసారి దండ పాల క్యాను మెడలో పడింది. రెండోసారి శాలువా మునుసామి మొహానికి చుట్టుకుంది, అతను పాలతో సహా మురిక్కాలవలోకి వెళ్ళాడు. మూడోసారి రెండూ సరిగ్గా పడ్డాయి.

"చూసినావా! పాలాయప్పకే పడింది, లగుమప్పకు పడదా?" అన్నాడు మామ.

పాలాయన మనిషి నడిచినంత వేగంతో వస్తాడని, లగుమప్ప బస్సును దాటే వేగంతో వస్తాడని మా ఇద్దరికీ తట్టలేదు. మునుసామికి మాత్రం తట్టి ఉంటుంది, కానీ అతను పాలు పోయిన బాధలో ఉన్నాడు.

పది గంటలకు బస్టాండు మలుపులో ఊరంతా చేరింది. వర్తకుల సంఘం బ్యానరు కట్టారు. దాని మీద లగుమప్ప పేరు కన్నా మామ పేరు పెద్దది, మామ పేరు కింద "అభిమాన సంఘ అధ్యక్షులు" అని నా పేరు. నిజం చెప్పేస్తాను. ఆ అక్షరాలు చూశాక నాకు సెకన్లు గుర్తు లేవు. రెండేళ్ళుగా వెంట తిరుగుతున్నా లగుమప్పకు నా పేరు సరిగ్గా తెలుసో లేదో. ఈ రోజుతో తెలిసిపోతుంది అనుకున్నాను.

ముందు పోటీవాళ్ళ జీపు వచ్చింది. మైకులో అరుస్తున్నారు, దారి వదలండి, లగుమప్ప ఒక్కడే ముందొస్తున్నాడు, వెనకవాళ్ళకూ అతనికీ రెండున్నర నిమిషాల దూరం ఉంది అని!

రెండున్నర నిమిషాలు! కావలసింది ముప్ఫై ఎనిమిది సెకన్లు! నాకు ఏడుపొచ్చింది. పర్మనెంటు ఉద్యోగం లగుమప్ప జేబులో పడ్డట్టే. ఇక అతన్ని ఎవరూ ఆపలేరు అనుకున్నాను.

మా మామ ఆపగలడు.

మలుపు తిరిగి లగుమప్ప కనబడగానే వెనకవాళ్ళ దూరం కొలుద్దామని స్టాప్‌వాచీ నొక్కాను. దండ పట్టుకుని పరుగు మొదలుపెట్టాను. తల తిప్పి చూస్తే, రోడ్డు అంచున ఉండాల్సిన మామ రోడ్డు నడిమధ్యలో ఉన్నాడు. తెల్ల పంచె, రెండు చేతుల మీద పరిచిన పొన్నాడై, మొహంలో పెళ్ళికొడుకు తండ్రి కళ. పక్కన మామ భార్య సరోజత్త హారతి పళ్ళెంతో. తరువాత అడిగితే, "పెద్దమనిషి ఒకరికి శాలువా విసురుతాడా? ఎంత అవమానం!" అన్నాడు మామ. అదీ నిజమే. రిహార్సల్లో పాలాయన కాబట్టి విసిరాడట.

లగుమప్ప బ్రేకులు కీచుమన్నాయి.

"మామా, జరుగు మామా! ఎనక వస్తాండారు!" అన్నాడు లగుమప్ప.

"ఒక్క నిమిషం అప్పా," అని మామ శాలువా కప్పాడు.

"చెమట పట్టిన ఒళ్ళు, దిష్టి తగిలినట్టుండాదమ్మా," అంటూ అత్త హారతి తిప్పింది. ఒకసారి కాదు, మూడుసార్లు. తిప్పి, బొట్టు పెట్టి, "ఇంత ఎండలో వచ్చిన బిడ్డ మజ్జిగ తాగకుండా యాడికి పోతాడు?" అని చెంబు నోటికి పెట్టింది.

"అమ్మా, వద్దమ్మా, పోవల్లమ్మా!"

"ఉప్పు తక్కువైందా నాయనా?"

అతను పెద్దవాళ్ళను తోసుకుపోయే మనిషి కాదు. అత్తిముగంలో అట్లా పెంచరు. చేతులు జోడించిన పెద్దమనిషిని, హారతి పట్టిన ఆడమనిషిని దాటి పోవడం అతని కాళ్ళకు చేతకాలేదు. గెలుపు పోతున్నదని తెలుస్తోంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, మజ్జిగ మాత్రం తాగుతున్నాడు. ఆలస్యం అమృతం విషం అన్నారు. మేం ఆ విషాన్ని జీలకర్ర, కొత్తిమీర వేసి ఇచ్చాం.

ఇంతలో స్టూడియో ఫోటోగ్రాఫరు, "సార్, ఫ్లాష్ రాలేదు, ఇంకొకసారి కప్పండి" అన్నాడు. మామ శాలువా తీసి మళ్ళీ కప్పాడు.

అప్పుడు లగుమప్ప నా వైపు తిరిగాడు. ఆ గుంపులో సెకను విలువ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అని అతనికి నా మెడలో వాచీ చూసి అర్థమైనట్టుంది.

"శీనప్పా, నువ్వన్నా చెప్పప్పా!"

అయ్యా, అమ్మా, వినండి. అతనికి నా పేరు తెలుసు! ఒళ్ళు పులకరించింది. అప్పుడు నేనేం చేయాలి? మామను ఒక తోపు తోసి, సైకిలును వెనక నుంచి ఒక తోపు తోసి, దండం పెట్టి పంపించాలి. నేను చేసింది ఇది. దండ అతని మెడలో వేసి, భుజం మీద చెయ్యి వేసి,

"లగుమప్పా, ఫోటోలో నేను పడలేదు. ఒక్కసారి ఇట్ల తిరుగప్పా" అన్నాను.

తిరిగాడు. ఆ మహానుభావుడు తిరిగాడు.

సైకిలు మళ్ళీ కదిలాక, దండ రేకులు రాలుతూ, శాలువా వీపు మీద ఎగురుతూ అతను కనుమరుగయ్యాక, అలవాటుగా స్టాప్‌వాచీ ఆపి చూసుకున్నాను. ఒక నిమిషం నలభై ఏడు సెకన్లు. నలభై సెకన్లు తిరక్కముందే పసుపు చొక్కా జట్టు ఝామ్మని దాటిపోయింది. వాళ్ళకు ఎవరూ మజ్జిగ ఇవ్వలేదు.

మామ వ్యానులో తిరువణ్ణామలై చేరేసరికి పందెం అయిపోయింది. మైకులో, ఈ రోజు మొదట వచ్చింది లగుమప్ప అని చెబుతున్నారు.

"చూసినావా! మర్యాద చేసిన బలం!" అని మామ వ్యానులోంచి పటాసులు తీసి అంటించాడు. ఆ చప్పుడులోనే రెండో మాట వినబడింది. లగుమప్ప ఇరవై తొమ్మిది సెకన్లు ముందొచ్చాడు. మూడు రోజుల లెక్కలో తొమ్మిది సెకన్ల తేడాతో పసుపు చొక్కా గెలిచింది.

పటాసులు ఇంకా పేలుతూనే ఉన్నాయి. వాటిని ఆపడం ఎవరి తరం?

లగుమప్ప ఒక గోడ నీడలో కూర్చుని ఉన్నాడు. పక్కన పొన్నాడై చక్కగా మడిచిపెట్టి ఉంది. నన్ను చూసి అడిగాడు, "ఆడ నన్ను ఎంతసేపు నిలబెట్టినారప్పా?"

వాచీ చూపించాను. "అది ఇట్లియ్యి" అన్నాడు. మెడలోంచి తీసి ఇచ్చాను. సంచిలో వేసుకుని లేచి వెళ్ళిపోయాడు. రెండు పీకి ఉంటే బాగుండేది. ఆ దెబ్బలు ఎప్పుడో మానిపోయేవి.

ఉత్తరాది ఉద్యోగం పసుపు చొక్కాకు వెళ్ళింది. నెలాఖరుకు లగుమప్ప కాంట్రాక్టు అయిపోయింది. హోసూరు బాగలూరు రోడ్డులో సైకిలు షాపు పెట్టుకున్నాడు. నేను ఆరేళ్ళు ఆ రోడ్డు మొహం చూడలేదు. నా సైకిలు పంచరైతే రాయకోట రోడ్డు దాకా తోసుకుపోయేవాణ్ణి. ఎంకి పెళ్ళి సుబ్బి చావుకొచ్చిందంటారు, నా సంఘం పెళ్ళి లగుమప్ప బతుకుకొచ్చింది. అన్నట్టు ఫోటో బాగానే వచ్చింది. అందులో నేనూ పడ్డాను, కళ్ళు మూసుకుని.

రెండు వేల సంవత్సరం దాటాక నాకు పెళ్ళి కుదిరింది. ధైర్యం చేసి లగుమప్పకు శుభలేఖ పట్టుకెళ్ళాను. గ్రీజు చేతులు తుడుచుకుని, చదివి, "ముహూర్తం ఎన్నింటికప్పా?" అని మాత్రం అడిగాడు. ఎంత మంచి మనసు, టైముకు రావాలని అడుగుతున్నాడు అనుకున్నాను. ఆరేళ్ళయినా నా తలలో సరుకు పెరగలేదు.

పెళ్ళినాడు మేళం ఊపందుకుంది. పురోహితుడు తొందరపెడుతున్నాడు, "కానీయప్పా, లగ్నం దాటిపోతాండాది!" తాళి చేత్తో పట్టుకుని లేచాను. అప్పుడే మండపం మెట్లెక్కి లగుమప్ప వచ్చి నాకూ పెళ్ళికూతురికీ మధ్య నిలబడ్డాడు. చేతుల మీద అదే పొన్నాడై. మజ్జిగ మరక కూడా అట్లానే ఉంది.

"ఒక్క నిమిషం అప్పా."

శాలువా కప్పాడు. కొంగులు సరిచేశాడు. తీసి, మళ్ళీ కప్పాడు. సంచిలోంచి చెంబు తీశాడు. "ఎండలో వచ్చినావు, మజ్జిగ తాగప్పా." తాళి పట్టుకున్న చేత్తోనే తాగాను. ఎట్లా కాదనను? పురోహితుడు నెత్తి కొట్టుకుంటున్నాడు. మేళగాళ్ళకు ఊపిరి అయిపోతోంది. ముందు వరసలో మా మామ, "మర్యాద తెలిసిన మనిషి!" అని చప్పట్లు కొడుతున్నాడు.

"ఫోటోలో నేను పడలేదు. ఒక్కసారి ఇట్ల తిరుగప్పా."

తిరిగాను.

లగుమప్ప జేబులోంచి, అప్పటిదాకా తిరుగుతున్న నా స్టాప్‌వాచీ తీసి, నొక్కి ఆపి, నాకు చూపించాడు. ఒక నిమిషం నలభై ఏడు సెకన్లు.

"సరిపోయిందప్పా. ఇంక కట్టుకో" అని నా భుజం తట్టి నవ్వాడు. ఆరేళ్ళలో మొదటిసారి నేనూ నవ్వాను, కళ్ళనీళ్ళతో.

"ఏం కట్టేది నాయనా, లగ్నం పోయింది!" అన్నాడు పురోహితుడు.

ఇప్పటికీ మా ఇంట్లో పాలు పొంగినా, కరెంటు పోయినా, నేను నోరు తెరిచినా, మా ఆవిడ ఒకటే మాట, "మంచి గడియ దాటినాక కట్టిన తాళి, ఇట్ల గాక ఎట్లుంటాది?" లగుమప్పకు పోయింది తొమ్మిది సెకన్లు. నాకు మిగిలిన జీవితమంతా.

కాబట్టి మా ఆవిడ సాక్షిగా, పాల మునుసామి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చక్రాల మీద పోతున్న ఏ ప్రాణికీ, అది పందెగాడైనా, పాలాయనైనా, నా జన్మలో మళ్ళీ మర్యాద చేయను. ఎవరైనా మరీ బాగా తొక్కుతున్నాడనిపిస్తే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, నోరు మూసుకుని, రోడ్డు అంచున నిలబడతాను. మామను ముందే ఇంట్లో పెట్టి తాళం వేసి వస్తాను.