ఇటుకల లారీ దగ్గర నేర్చిన గోల్‌కీపింగ్

ఉద్యోగంలో చేరిన నాలుగో ఏట, జనవరి రెండో వారంలో, మా సరిహద్దు దళం ఐస్ హాకీ జట్టుకు గోల్‌కీపర్‌గా నన్ను లేహ్‌కు బదిలీ చేశారు. హోదా కానిస్టేబుల్, డ్యూటీ ఆట. సారపాక ఎండల్లో పెరిగినవాడికి మంచు మీద ఉద్యోగమేమిటని మా వాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనివ్వండి. రిటైరయ్యేదాకా నాకు అన్నం పెట్టింది ఆ మంచే.

బడి రోజుల నుంచీ మట్టి మైదానంలో హాకీ గోల్‌కీపర్‌ని కాబట్టి నన్ను ఎంచుకున్నారు. నన్ను ముంచబోయింది కూడా అదే. మామూలు హాకీలో గోల్‌కీపర్ బంతిని చేత్తో ఆపవచ్చు గానీ పట్టుకోకూడదు, పట్టుకుంటే ఫౌల్. అందుకని ఏది మీదికొచ్చినా అరచెయ్యి తెరిచి పక్కకు నెట్టడం నాకు ఒంటబట్టిపోయింది. ఐస్ హాకీలో బంతికి బదులు పక్ అనే నల్లటి రబ్బరు బిళ్ల ఉంటుంది. గోల్‌కీపర్ కుడిచేత్తో కర్ర పట్టుకుంటాడు. ఎడమచేతికి పక్‌ని పట్టే వెడల్పాటి గ్లవ్ తొడుగుతాడు. పక్‌ని అందులో బిగించి ఉంచితే రెఫరీ విజిల్ వేసి ఆట ఆపుతాడు. నెట్టేస్తే అది పోయి ఎదుటి ఆటగాడి కర్ర ముందే పడుతుంది.

ఫిబ్రవరిలో ఆడిన మ్యాచ్‌లో మూడు గోల్స్ అలాగే సమర్పించుకున్నాను. మూడుసార్లూ మొదటి దెబ్బ ఆపింది నేనే, నెట్టి రెండో దెబ్బకు అందించిందీ నేనే. మా కోచ్ లద్దాఖీ ఇన్‌స్పెక్టర్, మితభాషి. తిట్టలేదు. నవంబరు క్యాంపుకల్లా ఆ చెయ్యి మూయడం నేర్చుకుని రావాలనీ, లేదంటే కొండమీది పోస్టుకు తిప్పి పంపుతాననీ హిందీలో చెప్పాడు. కొండమీది చలికి నేను భయపడలేదు. ఆట పోతుందనే నా దిగులంతా.

మే నెలలో సెలవు మీద సారపాక వచ్చాను. సంచిలో ఒక పక్ తెచ్చుకుని, గోడకేసి కొట్టి పట్టబోయేవాణ్ణి. చెయ్యి దానంతటదే తెరుచుకునేది. మా అక్క సమ్మక్క చూసి చూసి విసిగిపోయింది. ఆమె ఇటుకల కూలీ. లారీ మీది నుంచి ఇటుకలు రెండేసి విసురుతుంటే కిందివాళ్లు అందుకుని పేరుస్తారు.

"ఏంది తమ్మి గది? వచ్చినదాన్ని వచ్చినట్టు నూకేస్తున్నవ్. గిట్లయితే మా లారీ కాడ ఒక్కపూట గూడ ఉంచరు" అంది.

సంగతి చెప్పాను. మర్నాడు మేస్త్రీని బతిమాలి నన్ను లారీ దగ్గర నిలబెట్టింది. నేను అందుకోవాలి, పక్కనే అక్క పేర్చాలి. మొదటి జంట వచ్చింది. నా చెయ్యి తెరుచుకుంది. నేను నెట్టిన ఇటుకలు పోయి అక్క కాలి మీద పడ్డాయి. బొటనవేలు చితికింది. దవాఖానాలో కుట్లు వేసి పది రోజులు కదలొద్దన్నారు. మేస్త్రీ నన్ను మళ్లీ ఆ ఛాయలకు రావద్దన్నాడు. ఆ రోజు అన్నం ముట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

తెల్లారి అక్క మంచం వాకిట్లో వేయించుకుంది. కట్టు కట్టిన కాలు చాపి, పక్కన పది ఇటుకలు పెట్టుకుని, "సిగ్గుపడుడు తర్వాత. నిలబడు" అంటూ మొదటిది విసిరింది.

"నూకకు. ఇటుక వస్తుంటే దానితోని చెయ్యి గూడ ఎనక్కి రావాలె. పట్టినంక పొట్టకు ఆనిచ్చుకో. ఇడిస్తే ఎవరి కాలో పోతది."

ఆ కట్టు కళ్లెదురుగా కనిపిస్తుంటే చెయ్యి తెరవడానికి నాకు ధైర్యం చాల్లేదు. మొదట రెండు చేతులతో, తర్వాత ఎడమచేత్తో సగం ఇటుక ముక్కలు, ఆ తర్వాత పక్. అరచేతి తోలు ఊడింది. కుట్లు విప్పేనాటికి పక్ వస్తే చెయ్యి మూసుకుంటోంది. అక్కే కుంటుకుంటూ నన్ను మళ్లీ మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లింది. సెలవు అయిపోయేలోపు ఒక లారీ ఇటుకలన్నీ ఒక్కటి కూడా జారకుండా దించాను.

నవంబరు క్యాంపు చివర సెలక్షన్ మ్యాచ్. ఒక్క గోల్ ఆధిక్యంలో ఉన్నాం, ఆఖరి నిమిషం. దగ్గర నుంచి కొట్టిన పక్ భుజం ఎత్తులో వచ్చింది. ఎడమచెయ్యి దానితోపాటే వెనక్కి వచ్చి, మూసుకుని, పొట్టకు ఆనుకుంది. రెఫరీ విజిల్ వేసేదాకా నేను దాన్ని వదల్లేదు.

జట్టుకు ఎంపికైనవాళ్లు నింపే ఫారంలో శిక్షకుడి పేరు, హోదా రాయాలి. అక్క పేరు రాసి, హోదా దగ్గర దినకూలీ అని రాశాను. కోచ్ చదివి, కింద సంతకం పెట్టాడు.

చేతికి పట్టిన అలవాటు చెబితే పోదని అప్పుడు తెలిసింది. దానివల్ల దెబ్బతిన్న మనిషే ఎదురుగా కూర్చుని మళ్లీ విసిరితే పోతుంది. అలాంటి మనిషి అందరికీ దొరకదు. నాకు దొరికింది.