బెల్లు లేని సైకిలు

మండపేటలో స్థిరపడిన మా పెద్దనాన్న పెద్దకర్మకి కడప నుంచి వెళ్తున్నాను. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. పక్షవాతంతో మాట పడిపోయి, మంచంలో ఉన్న ఆయన ముఖం తప్ప నాకు ఇంకేదీ గుర్తు రావడం లేదు. ఆ ఇంట్లోకి ఎలా అడుగుపెట్టాలా అని ఒకటే భయం.

రావులపాలెంలో బస్సు మారాక, పక్క సీట్లో పెద్దాయన "మండపేటలో ఎవరింటికండి?" అని అడిగాడు. చెప్పాను.

"రైసుమిల్లు మేస్త్రీగారా! బంగారంలాంటి మనిషండి. సైకిలుకి మాత్రం జన్మలో బెల్లు పెట్టించలేదండి. ఎవరన్నా అడ్డొస్తే దగ్గేవారు. ఆ దగ్గుకి గేదెలు కూడా పక్కకి తప్పుకునేవండి!"

ముందు సీట్లో ఆవిడ వెనక్కి తిరిగింది. "మా కుక్కయితే ఇప్పటికీ ఎవరు దగ్గినా లేచి నిలబడుతుందండి."

మా కడప వైపు చనిపోయినవాళ్ళ మీద ఇలా హాస్యాలాడరు. నాకు కోపం రావాల్సింది. కానీ చిన్నప్పుడు ఆ సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని విన్న దగ్గు, మళ్ళీ నా తల వెనకే వినిపించింది.

పెద్దనాన్న వాళ్ళ వీధి రాగానే పెద్దాయన గట్టిగా దగ్గాడు. డ్రైవరు నవ్వుతూ బ్రేకు వేశాడు.

ఏడవడానికి వచ్చిన ఇంటికి నవ్వు ఆపుకుంటూ నడిచాను.